పక్కనున్న కణాలకూ పాఠంలో చోటివ్వాలి

విద్యార్థులారా! కణజాలాల పాఠం మీలో చాలామంది చదివే ఉంటారు. సంయోజక కణజాలం పని ఏమిటని అడిగితే "అవయవాల మధ్య ఖాళీలను నింపుతుంది, వాటికి ఆధారమిస్తుంది" అని రాస్తారు. మార్కులు పడతాయి. పరీక్షకు ఆ జవాబు చాలు గాని, శరీరానికి చాలదని నా అభిప్రాయం. ఆ ఖాళీ నింపే కణాలు గోడకు పూసిన సున్నం లాంటివి కావు. పక్క కణాలు ఏం కావాలో, ఎంత పెరగాలో చెప్పే అధికారం వాటికి కొంత ఉంది. కాన్సర్ విషయంలో ఈ సంగతి మరీ ముఖ్యం.

పౌరుష గ్రంథిని చూద్దాం. డాక్టర్లు ప్రోస్టేట్ అంటారు. మగవారిలో మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. దీని పలుచని ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే స్రావాన్ని తయారుచేసే ఉపకళా కణాలు సన్నని గొట్టాలకు లోపలి గోడగా వరుసదీరి కనిపిస్తాయి. ఆ గొట్టాల చుట్టూ నునుపు కండర కణాలు, నారపోగులను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు, రక్తనాళాలు, నరాలు అల్లుకొని ఉంటాయి. ఈ అల్లికనే ఆధార కణజాలం అందాం. కాన్సర్ పుట్టేది సాధారణంగా గొట్టాల గోడలోని కణాల్లో. అందుచేత చాలాకాలం అందరి చూపూ వాటి మీదే నిలిచిపోయింది.

అమెరికా శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ కున్హా 1970ల నుంచి ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఈ చూపును మార్చాయి. పిండదశలోని ఎలుకలో ప్రోస్టేట్ పుట్టబోయే చోటి ఆధార కణజాలాన్ని ఆయన వేరుచేశాడు. దానికి పెద్ద ఎలుక మూత్రాశయపు లోపలి పొర కణాలను జతచేసి, మగ ఎలుక మూత్రపిండం పైపొర కింద అంటుకట్టాడు. చిత్రమేమిటంటే, ఆ మూత్రాశయపు కణాలు ప్రోస్టేట్ గొట్టాలుగా మారాయి! మరో ప్రయోగం ఇంకా బాగుంది. కొన్ని ఎలుకల కణాలకు మగ హార్మోను సందేశాన్ని అందుకొనే శక్తి పుట్టుకతోనే ఉండదు. అలాంటి ఎలుక ఉపకళా కణాలకు మామూలు ఎలుక ఆధార కణజాలం జతచేస్తే గ్రంథి మొలిచింది. అదే తారుమారు చేసి, ఆ శక్తి లేని ఆధార కణజాలాన్ని పెడితే మొలవలేదు. అంటే హార్మోను కబురు ముందు అందేది ఆధార కణజాలానికి. అక్కడి నుంచి గొట్టాల కణాలకు.

ధర్మవరం పిల్లలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చీర కొనేవారు జరీ పువ్వును చూసి మురిసిపోతారు. ఆ పువ్వు ఎక్కడ రావాలో నిర్ణయించేది జరీ పోగు కాదు, మగ్గం పైన తిరిగే జకార్డు అట్టలు.

ఇక కాన్సర్ సంగతి. 1999లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, కున్హా కూడా వారిలో ఒకరు, రోగుల ప్రోస్టేట్ కాన్సర్ గడ్డల నుంచి ఫైబ్రోబ్లాస్టులను వేరుచేశారు. అప్పటికే కొంత దారి తప్పినా గడ్డకట్టని ఉపకళా కణాలకు వాటిని జతచేసి ఎలుకల్లో పెడితే గడ్డలు పెరిగాయి. ఆరోగ్యవంతమైన ప్రోస్టేట్ నుంచి తెచ్చిన ఫైబ్రోబ్లాస్టులతో పెడితే అలా జరగలేదు. సరే, మంచి ఉపకళా కణాల పక్కన ఆ గడ్డలోని ఫైబ్రోబ్లాస్టులను పెడితే? వాటి పెరుగుదలలో ఏ మార్పూ రాలేదు! కనుక దీన్ని చెడు సావాసపు నీతికథగా మాత్రం చెప్పుకోకండి. దారి తప్పడం ఉపకళా కణం జన్యువుల్లోనే మొదలవుతుంది. ఆ తప్పుదారిలో అది ఎంత దూరం పోతుందనే దాంట్లో ఇరుగుపొరుగుకు వాటా ఉంది.

మోకాలు గీసుకుపోయినప్పుడు ఫైబ్రోబ్లాస్టులే చురుకై గాయాన్ని పూడుస్తాయి. పని కాగానే సద్దుమణుగుతాయి. కాన్సర్ గడ్డలో అవి సద్దుమణగవు. అందుకే హెరాల్డ్ డ్వోరాక్ 1986లో కాన్సర్ గడ్డలను మానని గాయాలతో పోల్చాడు.

అంతకు చాలాముందే, 1889లో, ఇంగ్లండు సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము కాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, కాన్సర్ కణం విత్తనమైతే అది చేరే అవయవం నేల అన్నాడు. పెనుకొండ ఎర్రనేలల్లో వేరుశనగ వేసే ఇళ్ళవారికి వేరే వివరించాలా? ఒకే మూటలోని విత్తనం రెండు చేలల్లో ఒకేలా రాదు. ప్రోస్టేట్ కాన్సర్ ఎక్కువగా ఎముకలకు, ముఖ్యంగా వెన్నుకు, కటికి పాకుతుంది. అక్కడ పాత ఎముకను కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు నిత్యం పనిచేస్తుంటాయి. వాటి స్రావాలు వచ్చిన విత్తనానికి ఎరువవుతాయి.

అయితే ఆధార కణాలన్నిటినీ చంపేస్తే పోలేదా అని హిందూపురంలో ఒక తొమ్మిదో తరగతి పిల్ల నన్నడిగింది. మంచి ప్రశ్న. 2014లో ఎలుకల క్లోమ కాన్సర్‌లో ఆధార కణాలను తగ్గించి చూస్తే రోగం మరింత ముదిరింది. అంటే వాటిలో కొన్ని కాన్సర్‌కు అడ్డుకట్ట వేస్తున్నాయన్నమాట. ఏవి కట్ట, ఏవి గండి అని తేల్చడం ఇప్పటి పరిశోధకుల పని. మగ హార్మోనును తగ్గిస్తే ప్రోస్టేట్ కాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైద్యం నేటికీ ఉంది. కాని చాలామందిలో కొంతకాలానికి కాన్సర్ దానికి లొంగకుండా పోతుంది. అందుకే చుట్టూ ఉన్న నేల మీద కూడా ఇంత పరిశోధన.

కనుక "పనులు తెలుపుము" అనే ప్రశ్న మానేసి, "ఈ గొట్టాల చుట్టూ ఉన్న కణాలను మార్చితే గొట్టాలు ఏమవుతాయి?" అని అడగాలంటాను. ఒంటరి కణం బొమ్మ గీయించడం కంటే అది మేలు.

చివరగా ఇంటి మాట. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నా, ధార సన్నబడినా మన తాతలు సిగ్గుపడి చెప్పరు. చాలాసార్లు అది కాన్సర్ కాదు. వయసుతో గ్రంథి ఉబ్బడమే కారణం. ఆ ఉబ్బులోనూ ఆధార కణజాలానికి పెద్ద వాటా ఉంది. ఇంకోవైపు, కాన్సర్ మొదట్లో ఏ బాధా పెట్టకపోవచ్చు. నడుమునొప్పి ముదిరాక ధర్మవరంలోనో హిందూపురంలోనో బెంగళూరు బండి ఎక్కడం కంటే ముందే దగ్గరి డాక్టరుకు చూపించుకోవడం నయం. రక్తంలో పి.ఎస్.ఏ. పరీక్ష అవసరమో కాదో ఆయన చెబుతారు. తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి అడగకముందే చెప్పాలి. అలాంటి ఇళ్ళలో ఇది వచ్చే అవకాశం ఎక్కువ.