ఫోన్ వీడియో తిప్పండి, పాడుచేయకండి!

వీడియో ఎడిటర్లకు, యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవారికి, ఇంటి వేడుకలను ఫోన్‌లో తీసుకునే అందరికీ విజ్ఞప్తి



ముగ్గు వేస్తుంటే పైనుంచి ఫోన్‌లో తీస్తాం. తీరా చూస్తే వీడియో అడ్డం తిరిగి ఉంటుంది. చేతికందిన యాప్‌లో వేసి, తిప్పి, సేవ్ చేసి, పాతది డిలీట్ కొట్టేస్తాం. ఈ అలవాటు మానాలని కోరుతున్నాం.

ఫోన్ సెన్సర్ బొమ్మను ఎప్పుడూ ఒకే వైపుగా రాస్తుంది. మనం ఫోన్ ఎలా పట్టుకున్నామో భూమ్యాకర్షణను బట్టి పసిగట్టి, ‘చూపేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు’ అని ఫోన్ ఫైల్లో ఒక గుర్తు పెడుతుంది. ఫోన్ నేలకేసి చూస్తున్నప్పుడు ఏది పైనో ఏది కిందో దానికి తేలదు. అందుకే ముగ్గుల వీడియోల్లో గుర్తు తప్పు పడుతుంది. రికార్డింగ్ మొదలయ్యాక ఫోన్ తిప్పినా అది మారదు.

అంటే తప్పు బొమ్మలో లేదు, గుర్తులో ఉంది. ఎక్సిఫ్‌టూల్‌తో రొటేషన్ విలువ మార్చవచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ‘కాపీ’ పద్ధతిలోనూ మార్చవచ్చు. ఒక్క పిక్సెల్ కూడా చెదరదు. అదే రీఎన్‌కోడ్ చేస్తే ప్రతి ఫ్రేమునూ విప్పి మళ్లీ కుదించాలి. కుదించినప్పుడల్లా కొంత వివరం పోతుంది. ముందు పోయేవి పట్టుచీర జరీ, ముగ్గుపిండి గీతల అంచుల్లాంటి సన్నని పనులే.

ఇంతకంటే పెద్ద చిక్కు ఫ్రేమ్ రేట్‌ది. సెట్టింగ్‌లో 30 అని ఉన్నా ఫోన్ ఆ లెక్కకు కట్టుబడదు. వెలుతురు చాలనప్పుడు ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు కాంతి పట్టి, ఫ్రేముల సంఖ్య తగ్గించుకుంటుంది. ఐఫోన్‌లో దీనికి ‘ఆటో ఎఫ్‌పీఎస్’ అని సెట్టింగే ఉంది. ఏ ఫ్రేము ఎప్పుడు కనబడాలో ఫైల్లో రాసి ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చూసినంతసేపు ఏ తేడా తెలియదు. ఆ సమయాలను లెక్కచేయని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడితే మాత్రం గొడవే.

రాత్రిపూట పది నిమిషాల హరికథ తీశారనుకోండి. సెకనుకు సగటున 29.7 ఫ్రేముల చొప్పున 17,820 వచ్చాయి. వాటిని 30 చొప్పున పరిస్తే బొమ్మ 594 సెకన్లకే అయిపోతుంది. పాట మాత్రం 600 సెకన్లు ఉంది. చివరికొచ్చేసరికి హరిదాసు చిడతలు కొట్టిన ఆరు సెకన్లకు గానీ చప్పుడు వినబడదు. ఈ తేడా అంతటా ఒకేలా ఉండదు. ఆడియోను ఒకచోట జరిపి సరిచేస్తే మరోచోట తప్పుతుంది. ఒరిజినల్ చెరిపేసి ఉంటే దిద్దుకునే దారీ మూసుకుపోతుంది.

‘పార్టీ తొందరపెడుతుంటే ఇదంతా చూసే తీరికెక్కడిది?’ అంటారు ఎడిటర్లు. గుర్తు మార్చడం రీఎన్‌కోడ్ కన్నా చాలా త్వరగా అయ్యే పని. కొన్ని పాత టీవీలు, ప్లేయర్లు ఆ గుర్తును పట్టించుకోవన్నదీ నిజమే. అప్పుడు రీఎన్‌కోడ్ చేయండి, కానీ ఒక్కసారే.

అందుకే కోరుతున్నాం:

1. నేలమీది వస్తువు తీసేటప్పుడు ముందు ఫోన్‌ను సరిగ్గా పట్టుకుని రికార్డ్ నొక్కండి. ఆ తర్వాత కిందికి వంచండి.

2. తిప్పడమే పనైతే గుర్తు మార్చండి. రీఎన్‌కోడ్ వద్దు.

3. ఎడిటింగ్‌కు ముందు మీడియాఇన్ఫోలో చూడండి. ఫ్రేమ్ రేట్ ‘వేరియబుల్’ అని ఉంటే హ్యాండ్‌బ్రేక్‌లో 30 పెట్టి, ‘కాన్‌స్టంట్’ ఎంచుకోండి. నాణ్యతకు ఆర్ఎఫ్ 18 దగ్గర ఉంచండి; అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. తిప్పాల్సి ఉంటే అదే విడతలో తిప్పండి.

4. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

5. కాపీని మొదటి నుంచి చివరిదాకా చూసి, మాట పెదవులతో కలుస్తోందని తేలేవరకు ఒరిజినల్ జోలికి వెళ్లకండి. తేలాక కూడా దాన్ని విడిగా దాచండి.

పైన చెప్పిన నాలుగు సాఫ్ట్‌వేర్‌లూ ఉచితమే. పెళ్లికో పేరంటానికో వీడియో చేయించుకునేవారు ఎడిట్ చేసిన దానితోపాటు ఒరిజినల్ ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. ఎడిటర్లూ, వాళ్లు అడగకముందే ఇవ్వండి.