ఊపిరి సిద్ధమే, కాళ్లే ఇంకా కాలేదు

రిటైరైనా పొద్దున్నే జెడ్పీ హైస్కూలు గ్రౌండుకి పోవడం మానలేదు నేను. డ్రిల్లు మేస్టారిగా ఒకప్పుడు పిల్లల్ని పరిగెత్తించాను. ఇప్పుడు వాళ్ల అమ్మానాన్నలు వస్తున్నారు. షుగరు బోర్డర్లో ఉందని డాక్టరు అన్నాడనో, పాత ప్యాంటు నడుముకి పట్టట్లేదనో. రావడం మంచిదే. 2022లో మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఒంటికి చాలినంత శ్రమ లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక లెక్క తేల్చింది. ఆడవాళ్లలోనైతే 57 శాతం. గ్రౌండు చల్లగా ఉండే వేళకే ఇంట్లో క్యారేజీలు సర్దాలి మరి!

నా తగాదా ఈ వచ్చేవాళ్ల తొందరతోనే. మొన్నొకాయన, నలభై దాటాయి, కొత్త బూట్లు, చేతికి వాచీ. ‘కాలేజీలో కబడ్డీ కెప్టెన్ని మేస్టారూ’ అంటూ దూకాడు. రెండో రౌండు సగంలోనే గోల్‌పోస్టు పట్టుకుని వంగిపోయాడు. అక్కడితో మానేసినా బాగుండేది. ఇలాంటివాళ్లు పట్టుదల కొద్దీ రోజూ వస్తారు. కొన్ని వారాలకి ఆయాసం తగ్గుతుంది, ఇక వేగం పెంచేస్తారు. ఆపైన మోకాలి కింద ఎముక పొడవునా సలుపు మొదలవుతుంది.

గుండె, ఊపిరితిత్తులు వారాల్లో దారికొస్తాయి. ఎముకలకీ, కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులకీ నెలలు పడుతుంది. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడింతల భారం ఒక్క కాలి మీదే పడుతుంది. ఎనభై కిలోల మనిషైతే ఎంతో మీరే లెక్క వేసుకోండి.

అందుకే మెల్లగా మొదలుపెట్టాలి. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ ‘కౌచ్ టు 5కె’ (సోఫా నుంచి ఐదు కిలోమీటర్ల పరుగు దాకా) అని తొమ్మిది వారాల పద్ధతి ఒకటి తయారుచేశాడు. వారానికి మూడు రోజులే. మొదటి వారం ఒక నిమిషం మెల్లగా పరుగు, నిమిషంన్నర నడక, మళ్లీ పరుగు. ఇలా మధ్యలో నడవమంటే మనవాళ్లకి నామోషీ. మా గ్రౌండులో ఒక ఇన్సూరెన్సు ఏజెంటు గారున్నారు, నడిచే నిమిషంన్నరా ఫోను చెవిన పెట్టుకుంటారు, ఏదో కాల్ వచ్చి ఆగినట్టు. అయినా ఆయన కాళ్లకి ఏ నొప్పీ లేదు.

ఎంత వేగం అని అడుగుతారు. పక్కనున్నాయనకి అల్లుడి ఉద్యోగం సంగతి రొప్పకుండా చెప్పగలిగినంత! చేతి వాచీ చూడక్కర్లేదు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చేసి, జూన్‌లో బూట్లు కొనేవాళ్లున్నారు. ఉక్కపోతలో ఫ్లైఓవర్లు ఎక్కించే దారి అది. మెడల్ వచ్చే ఏడాదీ ఇస్తారు. ఈ ఏడాది 5కె చాలు.

బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడిగి రండి. పరుగులో గుండె పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోయి ఆసుపత్రికి వెళ్లండి, రౌండు పూర్తి చేద్దామనుకోకండి. మిగతావాళ్లకి గేటు ఐదింటికే తీస్తారు.