జపాను పాటపై నింద, ఇంటి పాటపై మౌనము

బేరిగై పిల్లలు జపాను పాటలు పాడుచున్నారని మన పెద్దలలో కొందరికి కోపము వచ్చినది. సంఘ సమావేశములలోను, పెండ్లి పందిళ్ళలోను ఈ ఫిర్యాదు తరచుగా వినవచ్చుచున్నది. నోట ఒక్క తెలుగు పద్యము రాదు. తిరుక్కురళ్ బడిలో గడగడ అప్పజెప్పుదురు. ఇల్లు చేరినంతనే ఫోను చేతబట్టి, అర్థము తెలియని జపాను పాటను తాళము తప్పకుండ పాడుదురు. ఇక తెలుగు ఏమి బ్రదుకును అని వారి ఆవేదన. ఆవేదన నిజమైనదే. కాని నింద మోపిన చోటు సరికాదని మేము చెప్పదలచితిమి. కొంత కటువుగనే చెప్పెదము.

ముందుగా ఆ పాటలెట్టివో చూతము. చూడకయే తిట్టుట మనకు అలవాటైపోయినది. జపానులో బొమ్మల చిత్రములకు, అనగా అనిమేలకు, ప్రారంభ గీతములు పాడుటయే ప్రధాన వృత్తిగా గల గాయకులు కలరు. క్లారిస్ అను ఇద్దరు బాలికల జంట 2010లో తొలి పాటను వెలువరించునాటికి ఆ యిద్దరును బడిపిల్లలే. చదువునకు భంగము రాగూడదని ముఖములు చూపకయే పాడిరి. రికార్డుల అట్టలపై వారి ఛాయాచిత్రములకు మారుగా బొమ్మలే ఉండెడివి. 2011లో మడోకా అను బాలిక కథకు వారు పాడిన 'కనెక్ట్' అను పాట సముద్రములు దాటినది. 2014లో ఒకామె తప్పుకొనగా మరియొకామె వచ్చి చేరెను, జంట నిలిచెను. యోఅసోబి అనునది మరియొక జంట. ఒకరు పాట కట్టుదురు, ఒకరు పాడుదురు. 2023లో ఒక బొమ్మల చిత్రమునకు వీరు చేసిన 'ఐడల్' అను పాట, అమెరికాను మినహాయించి లెక్కించు బిల్‌బోర్డు ప్రపంచ పట్టికలో మొదటి స్థానమున నిలిచిన తొలి జపాను భాషా గీతము.

చదువు చెడగొట్టు పాటలని మన పెద్దలు చెప్పునవి ఇవియే. చదువు చెడకుండ ముఖము దాచుకొని పాడిన పిల్లల పాటలవి.

ఇది నిన్నమొన్న పుట్టిన వింతయును కాదు. 1963లో తెజుకా ఒసాముగారి 'ఆస్ట్రో బాయ్' బొమ్మకథ జపాను టెలివిజనులో మొదలైనది. దాని పాటకు మాటలు కూర్చినవాడు తనికావా షుంతారో, ఆధునిక జపాను కవులలో అగ్రగణ్యుడు. పిల్లల బొమ్మకు పాట వ్రాయుట ఆ దేశమున మహాకవికి చిన్నతనము కాలేదు. నేడు ఆ బొమ్మకథలు మాటలు మార్చుకొని తెలుగులోను తమిళములోను వచ్చుచున్నవి. కొన్నిటిలో మాటలు మారినను పాట మాత్రము జపానుదిగనే ఉండును. మన పిల్లవాడు ఆ పాటను అట్లే పట్టుకొనుచున్నాడు. వానికి ఆ భాషలో ఒక్క అక్షరము రాదు. అయినను పాట వచ్చినది. ఏలయన అది తనవంటి పిల్లల కొరకు, శ్రద్ధతో, ధనము వెచ్చించి, మంచి కవిని మంచి గొంతును పిలిచి చేసిన పాట. వాని కొరకు మనము చేసినదేమి?

మనకును జంటలుండెను. 1938లో మదరాసున రేడియో కేంద్రము వెలసిన పిమ్మట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. వారు పిల్లలకు నీతులు ఉపన్యసించలేదు. పిల్లలచేతనే పాడించిరి, ఆడించిరి, కథలు చెప్పించిరి. 1945లో 'బాల' అను మాసపత్రికను స్థాపించిరి. ముళ్ళపూడి వెంకటరమణ తొలికథ అచ్చయినది అందులోనే. పిల్లవాని చేతివ్రాతను పెద్దవాని రచనవలె మన్నించి అచ్చువేయు పత్రిక ఎట్టి మనుష్యులను తయారుచేయునో చెప్పుటకు ఆ ఒక్క పేరు చాలును. ఆ మదరాసు అప్పుడు మన రాజధానియే. మనది సేలము జిల్లా, హోసూరు తాలూకా. అన్నయ్య పలికినది మన రాజధాని నుండియే.

పిదప 1953లో ఆంధ్ర రాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడినవి. హోసూరు ప్రాంతము మదరాసు రాష్ట్రముననే నిలిచినది. అన్నయ్య, అక్కయ్యలు హైదరాబాదు చేరి అచ్చట బాలానంద సంఘమును పెంచిరి. 1980లో అక్కయ్యయు, 1984లో అన్నయ్యయు గతించిరి. వారు వెళ్ళుట తప్పు కాదు. వారు వెళ్ళిన పిమ్మట ఇచ్చట ఆ పనిని మరియొకరు చేయకపోవుట తప్పు. ఈ డెబ్బది ఏండ్లలో మన సంఘములు మహాకవుల జయంతులు జరిపినవి, శాలువలు కప్పినవి, మహజరులు సమర్పించినవి. బేరిగై పిల్లవాడు పాడుకొనుటకు ఒక్క పాటనైన చేయించినవా?

రెండవ జంట వింజమూరి సోదరీమణులు, అనసూయాదేవి, సీతాదేవి. కృష్ణశాస్త్రిగారికి మేనకోడండ్రు. మేనమామ భావగీతములను పాడిన ఆ గొంతులతోనే పొలములో నాట్లు వేయువారి పాటలను, పల్లెలోని జోలపాటలను సభావేదికకు, గ్రామఫోను రికార్డునకు, రేడియోకు తెచ్చిరి. వారి ఘనత అంతయు అందున్నది. పాలేరు పాటకును భావకవి గీతమునకును వేదికపై ఒకే పీట వేసిరి. విని నేర్చిన పాటలకు స్వరములు కట్టి అచ్చువేయించుటచేత, పాడినవారు గతించినను పాట మిగిలినది. సీతాదేవి 2016లోను, 1920లో కాకినాడలో జన్మించిన అనసూయాదేవి 2019లో అమెరికాలోని హ్యూస్టనులోను కన్నుమూసిరి. హ్యూస్టనువరకు పోగలిగిన పల్లెపాట హోసూరు సంఘపు వేదిక యెక్కలేకపోయినది.

ఏల యెక్కలేదో మనకు తెలియును, బయటికి చెప్పము. మన వార్షికోత్సవ పత్రమును చూడుడు. ప్రార్థన, స్వాగతోపన్యాసము, అతిథి పరిచయము, కృష్ణదేవరాయల ప్రశంస, ఒక త్యాగరాజ కీర్తన, ఆపైన గంటకు తక్కువ కాకుండ సినిమా పాటలకు పిల్లల నృత్యము. ఆ నృత్యములో పిల్లవాడు నోరు విప్పవలసిన పనియే లేదు. పెట్టెలోని పాటకు కాళ్ళు కదిపిన చాలును. తెలుగు సభలో మన బిడ్డను మూగవానిని చేసి, ఇంటికి పోయి జపాను పాట పాడినాడని తిట్టుచున్నాము. ఇంతకంటె విడ్డూరము వేరొకటి కలదా?

మన యింటి పాటలు వేదికకు తగవని ఒక అభిప్రాయము మన చదువుకొన్న కుటుంబములలో వేరూనినది. తిరుగలి త్రిప్పుచు పాడునది, కోలాటమునకు పాడునది, పెండ్లికూతురును సాగనంపుచు పాడునది మోటు పాటయట. అందు మొరసునాటి యాస యున్నదట, కన్నడపు మాటలు దొరలినవట. దొరలకుండ ఎట్లుండును? కర్ణాటక సరిహద్దు చేరువనున్న ఊరు మనది. తక్కెడ ఒక భాషలో పట్టి, బేరము ఒక భాషలో ఆడి, లెక్క ఒక భాషలో చెప్పుకొను సంత మనది. ఆ కలయికయే మన తెలుగు. కోస్తావారి నుడికారమును అరువు తెచ్చుకొని దానినే శుద్ధమని పూజించువారు, తమ అవ్వ నోటి మాటకు సిగ్గుపడుచున్నారని మేము స్పష్టముగా అనుచున్నాము. అవ్వకు సిగ్గుపడువాని మనుమడు అవ్వ పాటను పాడునా?

బడిలోనే తెలుగు నిలువనప్పుడు పాటలతో ఏమి సాధింతుమని మరికొందరు అడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకొనుట లేదు. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరినది. మినహాయింపుల కొరకు అల్పసంఖ్యాకులు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. తమిళము నేర్చుటకు మాకెన్నడును అభ్యంతరము లేదు. ఈ మన్నుపై బ్రదుకువారికి అది అవసరము, అది మన ఇరుగుపొరుగుల భాష. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కు కొరకు పోరాడువారికి మా నమస్కారము. కాని న్యాయస్థానము బడిలో ఒక పీరియడును ఇప్పింపగలదు. ఇంటిలో జోలపాటను ఇప్పింపలేదు. దానికి మహజరు ఎవరికి వ్రాయుదుము?

2024లో మన కృష్ణగిరి లోక్‌సభ సభ్యులు గోపీనాథ్‌గారు తెలుగున ప్రమాణము చేసినప్పుడు మన యిండ్లలో ఎంత సంబరము జరిగినదో అందరెరుగుదురు. ఆ దృశ్యము ఫోను నుండి ఫోనుకు పరుగెత్తినది. ఢిల్లీలో పలికిన నిమిషపు తెలుగునకు అంత పొంగిపోయిన మనము, ఆ ఫోనునే ముసలమ్మ ముందుంచి ఆమె పాటను పట్టుకొనుటకు తీరిక లేనివారమైతిమి. ఖర్చు లేదు, అనుమతి అక్కరలేదు. ప్రతి యేడు ఒకరిద్దరు ముసలివారు పోవుచున్నారు. వారితో ఎన్ని పాటలు పోవుచున్నవో లెక్క వేసినవారు లేరు.

జపాను పాటను మాన్పించుడని మేము కోరుట లేదు. దానిని తాళము తప్పక నేర్చిన పిల్లవాడు, ఏ పాటనైనను నేర్వగలడని తన నోటితోనే రుజువు చేసినాడు. వానికి అవ్వ పాట నొకదానిని, ప్రక్కన పాడుటకు ఒక తోడును ఇచ్చి చూడుడు. క్లారిస్ బాలికలును తొలుత ఇతరుల పాటలు పాడియే మొదలిడిరి.

వచ్చు ఉగాది సభ కార్యక్రమ పత్రము ఇంకను అచ్చునకు పోలేదు. సినిమా నృత్యములకు ఉంచిన గంటలో పదునైదు నిమిషములు తగ్గించి, బేరిగై, బాగలూరు, శూలగిరి పిల్లల జంటలకు ఇండ్ల పాటలు పాడుటకు కేటాయింపవలసినదని కార్యవర్గమును అడుగుచున్నాము. శాలువల పద్దులో మిగులు సొమ్ముతో ఆ పాటలను, పాడిన అవ్వల పేర్లతో, ఈ సంచికవంటి పుస్తకముగా అచ్చువేయవచ్చును. కాదన్నచో ఏల కాదో ఆ సభలోనే లేచి చెప్పుడు, పిల్లలును విందురు.