ఏడు నిమిషాల ‘ఎక్స్‌ప్లోరర్’: యూట్యూబ్‌లో ఉంటే భద్రంగా ఉన్నట్టేనా?

థియేటర్లో అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్‌రీళ్లు, డాక్యుమెంటరీలు వేసేవాళ్లు. తెలుగు వ్యాఖ్యానంతో వచ్చిన ఆ రీళ్లు పాత తరానికి గుర్తే. కుటుంబ నియంత్రణ, పంచవర్ష ప్రణాళికల గురించి చెప్పిన ఆ ప్రభుత్వ సంస్థలోనే ప్రమోద్ పతి అనే దర్శకుడు ప్రయోగాత్మక సినిమాలు తీశారు. ఆ సంస్థ ఇప్పుడు విడిగా లేదు. మరి ఆ సినిమాల సంగతేంటి?

ఎవరీ ప్రమోద్ పతి?

1932లో పుట్టిన పతి స్వస్థలం ఒడిశా. చెకోస్లొవేకియాలో పప్పెట్ యానిమేషన్ నేర్చుకున్నారు. ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ విభాగాన్ని నడిపించారు. 1960ల మధ్యలో జీన్ భావ్‌నగరి సలహాదారుగా వచ్చి, కొత్తగా ఆలోచించేవాళ్లకు అక్కడ స్వేచ్ఛ ఇచ్చారు. 1968లో పతి తీసిన ‘ఎక్స్‌ప్లోరర్’ దాదాపు ఏడు నిమిషాలే. వ్యాఖ్యానం లేదు, కథ లేదు. డ్యాన్స్ చేసే కుర్రకారు, ల్యాబ్ పరికరాలు, పూజలు.. అన్నీ కళ్లు తిప్పుకోలేనంత వేగంగా వచ్చిపోతాయి. 1972 నాటి ‘ఆబిద్’లో చిత్రకారుడు ఆబిద్ సుర్తీని బొమ్మలా ఒక్కో ఫ్రేమ్ చొప్పున షూట్ చేశారు. తెర మీద ఒక్క సెకనుకు 24 ఫ్రేములు కావాలి. అంటే ఎంత ఓపికో ఊహించుకోవచ్చు.

1975లో పతి చనిపోయారు. అప్పటికి 42 ఏళ్లే. తొలినాళ్ల ప్రయోగాలు అనుకున్నవే చివరికి ఆయన వదిలిన ఆస్తి అయ్యాయి.

విలీనంతో ఏం మారింది?

2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఫిల్మ్స్ డివిజన్, నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ తదితర విభాగాలను ఎన్‌ఎఫ్‌డీసీలో కలపాలని నిర్ణయించింది. 2022లో అది అమల్లోకి వచ్చింది. ఒకే పనిని నాలుగు చోట్ల చేయడం తగ్గుతుందన్నది కేంద్రం వాదన. ఆస్తుల యాజమాన్యం ప్రభుత్వానిదే అని కూడా స్పష్టం చేసింది. అయినా వందల మంది ఫిల్మ్ మేకర్లు బహిరంగ లేఖ రాశారు. వాళ్ల భయం ఒక్కటే.. ఆదాయం చూసుకోవాల్సిన కార్పొరేషన్, ఆదాయమే రాని రీళ్లను ఎంతవరకు పట్టించుకుంటుంది?

ఈ ప్రశ్నని కొట్టిపారేయలేం. అలాగని ప్రభుత్వం ఏమీ చేయలేదనీ అనలేం. 2022 మే నెలలో నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద 2,200 సినిమాల పునరుద్ధరణకు రూ.363 కోట్లు ప్రకటించారు. డబ్బు ఉంది. సమస్య వరుసలో ఉంది. పేరున్న హీరోల హిట్ సినిమా ముందు, టికెట్ అమ్ముడుపోని ఏడు నిమిషాల ప్రయోగం నంబర్ ఎప్పుడొస్తుంది?

యూట్యూబ్‌లో చూస్తున్నాం కదా?

నిజమే, పతి సినిమాలు కొన్ని ఇప్పుడు ఫోన్లోనే చూడొచ్చు. ఇది మంచి విషయం. కానీ అది కాపీ మాత్రమే. అసలు నెగెటివ్ అసిటేట్ ఫిల్మ్ అయితే వేడికి, తేమకి మెల్లగా పాడవుతుంది. వెనిగర్ వాసన మొదలైందంటే రీలు కుంచించుకుపోతున్నట్టే. చల్లగా, పొడిగా ఉంచితే దాని ఆయుష్షు పెరుగుతుంది. రేపు ఇంతకంటే మంచి స్కానర్లు వచ్చినా, నెగెటివ్ పోయాక చేసేదేం లేదు. మళ్లీ తీయడానికి పతి లేరు.

ఈ సినిమాలకు నిర్మాత ప్రభుత్వం. ఖర్చు జనం డబ్బు. కాబట్టి లెక్క అడిగే హక్కూ జనానిదే. ఏ నెగెటివ్ ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది, చివరిసారి ఎప్పుడు చెక్ చేశారు? ప్రతి సినిమాకీ ఈ మూడు వివరాలు అందరికీ కనిపించేలా పెడితే చాలా అనుమానాలు తీరిపోతాయి. ముంబై అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పతి పేరిట అవార్డు ఇస్తున్నారు. ఆయన రీళ్లకి కూడా అంతే గౌరవం దక్కాలి.