మౌలాలి నుంచి మన ఫోన్ దాకా

మొన్న ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. టికెట్లు దొరకలేదు. మేడిపల్లిలో మా ఇంటి దగ్గరున్న చాయ్ హోటల్ ముందు నిలబడి టీవీలో చూస్తున్నాం. సిక్సర్ పడింది. అందరూ అరిచారు. మా తమ్ముడు ఒక్కడే అరవలేదు. వాడు టీవీ చూడట్లేదు, ఫోన్ చూస్తున్నాడు.

"ఎవరు గెలుస్తరు రా?" అన్నాను.

"గెలుపుతోని నాకేం పని అన్నా, ఈ ఓవర్ల ఇంకో ఫోర్ పడకుంటే చాలు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. "ఎంత పెట్టినవ్?" అని అడిగితే, "కొంచమే" అన్నాడు.

కొంచెం అంటే ఎంతో మా ఇంట్లో బాగా తెలుసు. ఎందుకో చెప్తాను. దానికంటే ముందు ఓ చిన్న చరిత్ర పాఠం. బోర్ కొట్టదు, ప్రామిస్.

జూదం ఊరు అనగానే మనకు లాస్ వేగాస్ గుర్తొస్తుంది. లేదంటే గోవాలో మాండోవి నది మీద తేలే క్యాసినో పడవలు. మన సిటీలో క్యాసినో లేదు. కానీ డబ్బు కాయడం మనకు కొత్తేం కాదు. ఆ కథ మొదలైంది కూడా మన వైపే. నాచారం, మల్లాపూర్ దాటితే వచ్చే మౌలాలిలో.

హైదరాబాద్‌లో గుర్రప్పందాలు 1868లో, నిజాంల కాలంలో మౌలాలిలోనే మొదలయ్యాయి. అంతకు చాలా ముందు నుంచే ఆ గుట్ట సిటీ జనానికి జాతర జాగా. రజబ్ నెలలో దర్గా ఉర్సు వచ్చిందంటే నవాబులు, నౌకర్లు, దుకాణాల వాళ్లు అందరూ కదిలొచ్చి అక్కడ గుడారాలేసుకునేవాళ్లు. గుట్ట కిందే మహ్‌లకా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో చనిపోయిన ఈమె ఉర్దూ కవయిత్రి, నర్తకి, దర్బారులో పెద్ద పేరున్న మనిషి. తల్లి కోసం తాను కట్టించిన చోటే ఆమెనూ సమాధి చేశారు. మౌలాలి స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు పోయామో, ఒక్కసారైనా దిగి చూశామా?

1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పందాలను మలక్‌పేటకు మార్చాడు. ఇప్పటికీ అక్కడే జరుగుతాయి. పందెం అంటే మనకు కనిపించేది రెండు నిమిషాల పరుగు. దాని వెనక తెల్లారకముందే లేచే మనుషులుంటారు. గుర్రాన్ని తోమి, కడిగి, నడిపించే సాయీసులు, పొద్దున్నే పరుగు ప్రాక్టీస్ చేయించే రైడర్లు, నాలాలు కొట్టేవాళ్లు, గడ్డి మోసేవాళ్లు. మన గుర్రం గెలిచిందా ఓడిందా అన్నదాంతో సంబంధం లేదు, మర్నాడు పొద్దున వాళ్ల పని వాళ్లకుంటుంది.

వేగాస్ కథా అంతే. 1905లో రైల్వే వాళ్లు స్థలాలు వేలం వేస్తే పుట్టిన ఊరది. 1931లో నెవాడా రాష్ట్రం జూదానికి చట్టం చేసింది. పెద్ద హోటళ్లలో స్టేజీ మీద పాడిన నల్లజాతి గాయకులకు 1950ల్లో కూడా చాలాచోట్ల అదే హోటల్లో గది ఇచ్చేవాళ్లు కాదు. పాట అయిపోయాక వెస్ట్‌సైడ్ అనే పేటకు పోయి పడుకోవాల్సిందే. 1960లో గానీ ఆ అడ్డు తొలగలేదు. లైట్లు మనకు కనిపిస్తాయి. దుప్పట్లు మార్చేవాళ్లు, వంట చేసేవాళ్లు ఉండే ఊరు ఆ లైట్ల వెనకెక్కడో ఉంటుంది.

ఇప్పుడు మా ఇంటికి వద్దాం.

మా చిన్నాయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మేడిపల్లి అంటే అప్పుడు ఉప్పల్ దాటాక వచ్చే పల్లె. చిట్టీ ఎత్తి, చిన్నమ్మ పేరు మీద ఇక్కడ 150 గజాల ప్లాటు కొన్నాడు. శనివారం జీతం చేతికి రాగానే ఒక క్లబ్బుకు పోయి రమ్మీ ఆడేవాడు. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: "రమ్మీ జూదం కాదు, దిమాగు ఆట. సుప్రీంకోర్టే చెప్పింది."

అది అబద్ధం కాదు. ఆ కేసు మన సికింద్రాబాద్‌దే. 1963లో పోలీసులు అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద దాడి చేసి, డబ్బులకు రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో లెక్కేయాలి, కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానం అని కోర్టు చెప్పింది. మూడు ముక్కలాట లాంటిది కాదంది. కానీ ఆట నడిపించేవాడు ఆ పందేల నుంచి లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. చిన్నాయన ఆ రెండో సగం ఎప్పుడూ చెప్పలేదు.

అప్పులయ్యాయి. ప్లాటు అమ్మేశారు. ఆ సంగతి చిన్నమ్మకు తెలిసింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టమన్న రోజే. ఇప్పుడు ఆ జాగాలో మూడంతస్తుల బిల్డింగ్, కింద కర్రీ పాయింట్. ఉప్పల్ పోయే బస్సులో అది దగ్గరకొస్తే చిన్నమ్మ ఇవతలి కిటికీ వైపు తిరుగుతుంది. ఇన్నేళ్లయినా.

చాయ్ హోటల్ దగ్గర ఫోన్ చూస్తున్న తమ్ముడు వాళ్ల కొడుకే.

ఒక తేడా చెప్పాలి. రేసులకు ఆఖరి రేసంటూ ఒకటి ఉండేది. క్లబ్బుకు షట్టర్ ఉండేది. పోవాలంటే బస్సెక్కాలి, పోతుంటే నలుగురు చూసేవాళ్లు, ఎవరో ఒకరు ఇంట్లో చెప్పేవాళ్లు. ఫోన్‌కు షట్టర్ లేదు. దుప్పటి కప్పుకొని అర్ధరాత్రి రెండింటికి ఆడొచ్చు. పక్కన పడుకున్న తల్లికి కూడా తెలియదు.

తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బులు కాసి ఆడటాన్ని నిషేధించింది, రమ్మీతో సహా. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటా నిషేధం తెచ్చింది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా కూడా అందులో లేదు. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి. ఒకటి బ్లాక్ అయితే ఇంకోటి.

మ్యాచ్ అయ్యాక తమ్ముడు నోరు విప్పాడు. కొంచెం అంటే లక్షా నలభై వేలు. అందులో సగం లోన్ యాప్‌లవి. నేను వాణ్ని చిన్నాయన దగ్గరకు తీసుకెళ్లాను. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. చాలాసేపు వాడి ఫోన్ చేతిలో పట్టుకొని కూర్చున్నాడు.

"నాకు గెలిచిన రోజులే యాదికున్నయ్ బిడ్డా" అన్నాడు చివరికి. "ఓడినయి మీ అమ్మ లెక్కపెట్టుకుంది."

ఆ రాత్రే యాప్ తీసేశాం. ఎవరికెంత బాకీ ఉందో కాగితం మీద రాశాం. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేశాం. డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. చిన్నమ్మకు ఇంకా చెప్పలేదు. ఆదివారం తనే చెప్తానన్నాడు. ఈసారి సంతకాల దాకా రాకముందే ఆమెకు తెలియాలి, అంతే.

మీ దోస్త్ కూడా మ్యాచ్ వదిలేసి ఫోన్ చూస్తున్నాడా? స్కోరెంత అని అడగకండి. ఎంత పెట్టినవ్ అని అడగండి. "కొంచమే" అంటే, ఇంకో చాయ్ చెప్పి పక్కనే కూర్చోండి.