సర్వర్ ఆగినప్పుడు అడగాల్సిన ప్రశ్న

తెలంగాణ ఐటీ శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

2017 జనవరి 31 రాత్రి, సాఫ్ట్‌వేర్ కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. సుమారు 300 జీబీ డేటా క్షణాల్లో పోయింది. బ్యాకప్‌ల కోసం వెతికితే అక్కడా ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ వెర్షన్లు కుదరక రోజువారీ కాపీ విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ చేరడం లేదు. చివరికి ఆదుకున్నది ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు. దాన్ని తీసిపెట్టిందీ ఆ ఇంజనీరే!

సంస్థ తన నివేదికలో ఆ ఉద్యోగి పేరు రాయలేదు. మరమ్మతు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. బ్యాకప్‌లను పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదని ఒప్పుకుంది.

తప్పును ఒక్కరి మీద నెట్టని ఉదాహరణ మన దేశంలోనూ ఉంది. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైనప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ విలేకరుల ముందు ఆ వైఫల్య భారాన్ని తానే మోశారు. మరుసటి ఏడాది జులైలో అదే బృందం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది.

సర్వర్ ఆగినప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎవరు చేశారు?’ అని కాదు, ‘ఎందుకు జరిగింది?’ అని. శిక్షకు భయపడే ఇంజనీరు లోపాన్ని దాచిపెడతారు. అలా దాచిన లోపంతో ప్రభుత్వ పోర్టల్ మొరాయిస్తే మీసేవ కేంద్రం ముందు పడిగాపులు కాసేది రైతులూ విద్యార్థులూ.

అందుకే పోర్టళ్ల కాంట్రాక్టుల్లో రెండు షరతులు చేర్చండి: మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి డేటాను తిరిగి నిలబెట్టే పరీక్ష, ప్రతి పెద్ద అంతరాయం తర్వాత ఉద్యోగుల పేర్లు లేని బహిరంగ నివేదిక. మొదటి నివేదికను ఈ ఏడాదే ప్రజల ముందు పెట్టాలని విన్నపం.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు