పత్రిక చుట్టు పిచ్చాపాటి

వార్తాపత్రికను చదువుట వేరు, చదివినదానిని నలుగురితో ముచ్చటించుట వేరు. మొదటిదానికి కన్నులు చాలును. రెండవదానికి మనుష్యులు కావలెను. పత్రికల చరిత్ర వ్రాయువారు సంపాదకులను గూర్చియు, ముద్రణాలయములను గూర్చియు వ్రాయుదురు. ఆ పత్రికను చేతబట్టుకొని అరుగుమీద కూర్చుండి మాటలాడుకొన్న పాఠకులను గూర్చి వ్రాయుట అరుదు. ఆ మాటలకు మన భాషలో పిచ్చాపాటి యనియు, లోకాభిరామాయణ మనియు పేర్లు కలవు. రెండింటిలోను కొంత చులకన యున్నది. ఆ చులకన తగదని నా అభిప్రాయము. రాజకీయ పత్రికలు మన ప్రజలకు లోకజ్ఞానము కలిగించినవన్నచో, అందు సగము పని ఈ పిచ్చాపాటియే చేసినది.

1951 జనాభా లెక్కలనాటికి మన దేశమున అక్షరాస్యులు నూటికి ఇరువదిమందికి మించలేదు. ఆ దినములలో పల్లెకు పత్రిక వచ్చుటయే గొప్ప. చదువు వచ్చినవాడు పెద్దగా చదువును, తక్కినవారు విందురు. వినువారు ఊరకుందురా? "ఐతే మన కాలువకు నీ రెప్పుడు వదలుదురట?" అని యొకరు అడుగుదురు. ఆ యొక్క ప్రశ్నతో ఢిల్లీ వార్త ఊరి వార్త యగును. నడుమ నొకరి యెద్దు జబ్బు, ఒకరింటి పెండ్లి, ధాన్యము ధర దొరలును. మరల మాట మంత్రివర్గము మీదికి తిరుగును. పన్నును గూర్చిన వార్త చదువువానికంటె పన్ను కట్టువానికే బాగుగా తెలియును గనుక, ఒక్కొక్కప్పుడు వినువాడే చదువరికి అర్థము చెప్పవలసివచ్చును.

1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడి, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషిచే గ్రంథాలయోద్యమము పల్లెలకు వ్యాపించిన పిమ్మట ఈ ముచ్చట్లకు మరియొక చోటు దొరకినది. లోపల మౌనము, వసారాలో మాట. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమున పాత పత్రికల సంపుటములు నేటికిని భద్రముగా నున్నవి. వానిని తెరచినచో ఆనాటి వార్త దొరకును. దానిపై ఆనాటి పాఠకులు చేసికొన్న వాదము దొరకదు. మచిలీపట్నమున కృష్ణాపత్రిక కార్యాలయములో ముట్నూరి కృష్ణారావుగారి చుట్టు చేరు మిత్రగోష్ఠికి మాత్రము 'దర్బారు' అను పేరు నిలిచినది. 1907 నుండి 1945లో కన్నుమూయువరకు ఆయన ఆ పత్రికకు సంపాదకులు. రాజకీయము, సాహిత్యము, కళలు, హాస్యము ఆ గోష్ఠిలో ఒక్క చాపమీదనే కూర్చుండెడివి.

ఇట్టి మాటల విలువను పాలకులు మనకంటె ముందే గుర్తించిరి. ఇంగ్లండులో రెండవ ఛార్లెస్ రాజు 1675 డిసెంబరులో కాఫీశాలల నన్నింటిని మూసివేయవలసినదని ప్రకటన చేసెను. అచ్చట జనులు చేరి ప్రభుత్వమును గూర్చి వదంతులు పుట్టించుచున్నారని ఆయన కోపము. ప్రజల యలజడి చూచి, అమలులోనికి రాకమునుపే 1676 జనవరిలో దానిని వెనుకకు తీసికొనక తప్పలేదు. మన యొద్ద నిజాము పాలనలో సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని 'గస్తీ నిషాన్ 53' శాసించెను. అట్టి కాలమున, 1901లో హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలైన గ్రంథాలయములు తెలుగువారు కలిసికొను నెలవులైనవి. ఉపన్యాసమును ఆపుట సులభము. పత్రిక ముందు కూర్చున్న ఇరువురి ముచ్చటను ఆపుట ఏ ప్రభుత్వమునకైనను కష్టము.

అట్లని పాతకాలపు రచ్చబండను ఆకాశమున కెత్తుట న్యాయము కాదు. దానిమీద అందరికిని చోటులేదు. స్త్రీలు ఆ దారిన తలవంచుకొని పోయిరి. దళితులు దూరముననే నిలువవలసివచ్చెను. చాడీలును, వదంతులును, కులదూషణలును ఆ మాటలలో కలిసియే యుండెడివి. నేడు పిచ్చాపాటిని పునరుద్ధరింపవలెనన్నచో ఈ దోషములను వదలి, గుణమునే గ్రహింపవలెను.

ఆ గుణ మేది? ఒక మాట చరిత్రను చూచిన తెలియును. 'రచ్చ' అనునది సంస్కృత 'రథ్య'కు వికృతి. పదుగురు చేరు బహిరంగస్థల మని దాని యర్థము. ఇంట గెలిచి రచ్చ గెలువు మన్న సామెతలో రచ్చ గౌరవమైన మాట. నేటి వాడుకలో రచ్చ యన్న అల్లరి, జగడము. స్థలము పోయి జగడము మిగిలినదన్నమాట! వార్త నేడు ప్రతివాని అరచేతిలోనికే వచ్చుచున్నది. చదువువారు పెరిగిరి, ఇది సంతోషింపదగినదే. కాని ఎవరికి వారే చదువుచున్నారు. వాదించునప్పుడు అభిప్రాయము అభిప్రాయమును తాకుచున్నది. మనిషికి మనిషి కనబడుట లేదు. ఎదుటివాని బిడ్డకు జ్వరము తగ్గినదా యని అడిగిన నోటితో, మరుక్షణమున వానిని దేశద్రోహి యనుట కష్టము. నిన్న నాకు ఎడ్లనిచ్చినవాడు నేడు వేరొక పార్టీకి ఓటు వేసినను నా యెడ్లజోడుకాడే. వ్యర్థప్రసంగ మని మనము తీసివేయు ఆ ఎడ్లు, జ్వరములు, పెండ్లిండ్లు రాజకీయ వాదమునకు కట్టుగొయ్య వంటివి. కట్టుగొయ్య యున్నంతవరకు వాదము ఎంత లాగినను తెంచుకొని పోదు.

ఈ విద్యను నేర్పుటకు పాఠశాలకంటె తగిన చోటు లేదు. అన్ని కులముల బిడ్డలు, ఆడపిల్లలు, మగపిల్లలు ఒక్క బల్లమీద కూర్చుండు రచ్చబండ నేడు మన కదియే. వారమునకు ఒక్క గంట చాలును. భిన్నాభిప్రాయములు గల రెండు పత్రికలు తెప్పింపవలెను. ఒకే వార్తను రెండింటినుండి ఒక విద్యార్థి పైకి చదువవలెను. అందు జరిగిన దేది, వ్రాసినవారి అభిప్రాయ మేది యని తక్కినవారు వేరుచేయవలెను. ఎదుటివాని మాటను ఖండింపదలచిన విద్యార్థి, ముందుగా ఆ మాటను అతడు ఔనన్నట్లుగా తిరిగి చెప్పవలెను. ఉపాధ్యాయుడు తన పక్షమును చెప్పక, మాట తప్పుదారి పట్టినప్పుడు మాత్రమే అడ్డుపడవలెను.

కడపటి పది నిమిషములు పిల్లలను వారి యిచ్చకు వదలవలెను. వారు సినిమానుగూర్చి మాటలాడినను, క్రికెట్టునుగూర్చి మాటలాడినను కాలహరణ మని గదమాయింపరాదు. అంతకుముందు వాదులాడుకొన్న ఇద్దరు పిల్లలు ఆ పది నిమిషములలో కలిసి నవ్వుకొన్నచో, ఆ గంట పాఠము వారికి వచ్చినట్లే.